దమయంతి చీర

లండన్ నేషనల్ గ్యాలరీలోకి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. అందుకే వాన పడే ఆదివారాల్లో మా తొమ్మిదేళ్ల పాపను అక్కడికి తీసుకెళ్తుంటాను. ఈసారి తనే నన్ను లాక్కెళ్లి ‘బాకస్, అరియాడ్నే’ ముందు నిలబెట్టింది. ఇటలీలోని ఫెరారా డ్యూక్ కోసం చిత్రకారుడు టిషియన్ 1520–23లో వేసిన బొమ్మ అది. బడిలో గ్రీకు కథలు చెబుతున్నారు కాబట్టి కథ తనకు తెలుసు. నాక్సోస్ దీవిలో నిద్రపోతున్న అరియాడ్నేను వదిలేసి ఆమె ప్రియుడు థీసియస్ ఓడెక్కి వెళ్లిపోయాడు.

ఎడమ పక్కన ఆ తెరచాప గోరంత కనిపిస్తుంది. ఆమె చెయ్యి ఇంకా అటే చాచి ఉంది. ముఖం మాత్రం మద్యానికి దేవుడైన బాకస్ వైపు తిరిగింది. భారతదేశం నుంచి తిరిగొస్తున్నాడంటారు ఆ దేవుణ్ణి. చిరుతలు లాగే రథం మీంచి ఒక్క ఉదుటున దూకుతున్నాడు, ఎర్రటి ఉత్తరీయం ఎగురుతోంది.

“ఆమెకు భయమా, సంతోషమా?” అన్నాను.

“ఇంకా సరిగ్గా నిద్ర లేవలేదమ్మా,” అంది. కాసేపాగి, “మన కథల్లో ఇలా ఎవరూ వదిలేసి వెళ్లరు కదా?” అంది.

నా గుండె కలుక్కుమంది. తనకు నలుడి కథ చెప్పిందీ నేనే, హంస రాయబారం, స్వయంవరం కాగానే ఆపేసిందీ నేనే. అక్కడే బెంచీ మీద కూర్చుని మిగతాది చెప్పాను. నలుడు జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాడు. ఒంటి మీది బట్టను పక్షులు ఎత్తుకుపోయాయి. అడవిలో నిద్రపోతున్న దమయంతి చీరలో సగం కోసి కట్టుకుని వెళ్లిపోయాడు.

“ఎందుకు చెప్పలేదు?”

“మనవాళ్లను తక్కువగా అనుకుంటావేమోనని.”

తను ఆ మాట పట్టించుకోలేదు. బొమ్మలో ఆకాశం మీద ఎనిమిది చుక్కలు లెక్కపెట్టింది. అది బాకస్ అరియాడ్నేకిచ్చిన కిరీటం. “మరి దమయంతికి ఏమిచ్చారు?”

ఎవరూ ఏమీ ఇవ్వలేదు, ఆమే వెతికించింది. “నా చీర సగం కోసుకుని ఎక్కడికి పోయావు, జూదరీ?” అని బ్రాహ్మణుల చేత ఊరూరా అడిగించింది. ఆ మాటకు జవాబిచ్చిన రథసారథి బాహుకుడే నలుడని పసిగట్టి, రెండో స్వయంవరమని కబురంపి రప్పించింది. నాకు దమయంతి మీద గౌరవమంతా ఇక్కడే.

పాప మళ్లీ బొమ్మ దగ్గరికెళ్లింది. “ఈమెకి పంపడానికి ఎవరూ లేరు కదమ్మా,” అంది మెల్లగా.

ఆ రాత్రి ఫోన్‌లో, “అమ్మమ్మా, దమయంతి కథ చెప్పు. హంస దగ్గర్నుంచి కాదు, అడవి దగ్గర్నుంచి,” అని అడిగింది.