ఒక్క దెబ్బలో పడిందా, బయటికొచ్చాక చేశారా?

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం సంతలో, గోనె పట్టా మీద పాత నాణేలు పరుచుకుని కూర్చున్న ఒకాయన దగ్గర ఐదు రూపాయల బిళ్ళ ఒకటి ఎనిమిది వందలు పెట్టి కొన్నాను. పాత మందపు బిళ్ళ, తెల్లగా ఉంటుందే, రాగి నికెల్‌ది. ఒకవైపు మామూలుగా 5 అంకె ఉంది. రెండోవైపు సింహాలు ఉండాల్సిన చోట అదే 5 అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంది. టంకశాలలో పొరపాటున ఇలా పడితే దాన్ని బ్రాకేజ్ అంటారు, మన దేశంలో సేకరించేవాళ్ళు ఎక్కువగా లాఖీ అనే పిలుస్తారు. "సార్, ఇది మింట్ నుంచి, అంటే టంకశాల నుంచి, ఇలాగే వచ్చింది, మళ్ళీ దొరకదు" అన్నాడాయన. నమ్మాను.

ఇంటికొచ్చి టేబుల్ లైటు కింద పెట్టి పది రెట్లు చూపించే లెన్స్‌తో చూస్తే, తిరగబడ్డ 5 చుట్టూ సన్నటి గీతలు. అన్నీ ఒకే దిక్కుకి. ఆకురాయితో రుద్దితే పడే గీతలు అవి. బిళ్ళని కొంచెం ఏటవాలుగా వంచి వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకున్నాను. అప్పుడు కనిపించింది, ఆ 5 కింద సింహం జూలు నీడలాగా, పూర్తిగా చెరిగిపోకుండా. రెండోవైపు ఉన్న మంచి 5 కూడా పైభాగం చదునుగా నలిగి మెరుస్తోంది. కాటా మీద పెడితే 8.61 గ్రాములు. ఆ బిళ్ళ 9 గ్రాములు ఉండాలి. ఎవరో సింహాలని అరగదీసి, మీద ఇంకో ఐదు రూపాయల బిళ్ళ పెట్టి, బెంచ్ వైస్‌లో బిగించి నొక్కారు. అంతే.

డబ్బు పోయిందని బాధ ఉంది, కాదనను. కానీ అంతకన్నా ఎక్కువ బాధ, ఒక మంచి నాణేన్ని అలా పాడు చేశారే అని. ఆ రోజు నుంచి ఏ నాణెం చేతికొచ్చినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ తేడా టంకశాల ప్రెస్సులో దెబ్బ పడే లోపల వచ్చిందా, దెబ్బ పడ్డాక బయట వచ్చిందా?

నాణెం ఎలా పుడుతుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. లోహపు రేకులోంచి గుండ్రటి ఖాళీ బిళ్ళలు కోస్తారు. వాటి అంచు కొంచెం పైకి లేచేలా ఒక మిషన్‌లో తిప్పుతారు. తర్వాత ప్రెస్సులో కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు కట్టు. ఒక్క దెబ్బ. బొమ్మా బొరుసూ రెండూ ఆ క్షణంలోనే పడతాయి, పక్క అంచు మీద గాడులు కూడా. నిజమైన లాఖీ ఎలా వస్తుందంటే, ముందు కొట్టిన నాణెం బయటికి రాకుండా ఒక అచ్చుకి అతుక్కుపోతుంది, తర్వాత వచ్చిన ఖాళీ బిళ్ళకి ఆ నాణెమే అచ్చు అవుతుంది. అంటే ఆ వైపు అసలు బొమ్మ ఎప్పుడూ పడలేదు. పడని బొమ్మకి నీడ ఎక్కడినుంచి వస్తుంది? తిరగబడ్డ బొమ్మ కింద రెండో బొమ్మ ఆనవాళ్ళు కనిపిస్తే ముందు వైస్‌నే అనుమానించాలి, రెండోవైపు కూడా నలిగి ఉంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

అంచు కోసుకుపోయిన బిళ్ళల సంగతి నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే అక్కడ లోహమే సాక్ష్యం చెబుతుంది. రేకు సరిగ్గా ముందుకి జరక్కపోతే, కోసే పంచ్ అంతకుముందు కోసిన రంధ్రం మీద కొంచెం పడుతుంది, అప్పుడు బిళ్ళకి చంద్రవంక ఆకారంలో ఒక ముక్క తక్కువవుతుంది. ఇలాంటి బిళ్ళని అంచు లేపే మిషన్‌లో తిప్పినప్పుడు, కోత ఉన్న చోట ఆనించడానికి లోహం లేదు కాబట్టి దానికి సరిగ్గా ఎదురుగా కూడా ఒత్తిడి తగ్గుతుంది. అందుకే అసలు దాంట్లో చాలావరకు కోతకి ఎదురుగా ఉన్న అంచు పలచగా, వెలిసిపోయినట్టు ఉంటుంది. కోత పక్కన ఉన్న అక్షరాలు ఆ ఖాళీ వైపుకి సాగినట్టు, నీరసంగా కనిపిస్తాయి. ఇంట్లో ఆకురాయితో కోసిన దాంట్లో అక్షరం కోత దాకా నిక్కచ్చిగా వచ్చి కత్తిరించినట్టు ఆగిపోతుంది, ఎదురు అంచు బలంగానే ఉంటుంది. బరువు మాత్రం రెండిటికీ తగ్గుతుంది, కాబట్టి కాటా ఒక్కటే నమ్ముకుంటే ఇక్కడ పని జరగదు.

అక్షరాలో అంకెలో మాయమైన బిళ్ళలకి కాటా బాగా పనికొస్తుంది. అచ్చు గాడిలో గ్రీజూ దుమ్మూ పేరుకుంటే అక్కడ లోహం దిగదు, అక్షరం మెత్తగా మసకబారి ఉంటుంది కానీ బరువు సరిగ్గానే ఉంటుంది. గీకితే గీత పడుతుంది, బరువు పోతుంది. యాసిడ్‌లో ముంచిన వాటికి అన్ని అక్షరాలూ ఒకేలా సన్నబడి, నాణెం మొత్తం చిన్నదై పలచబడుతుంది.

పది రూపాయల బిళ్ళలో మధ్య ముక్క తిరగేసి ఉందని ఫోటోలు పంపిస్తుంటారు. బయటి రింగూ మధ్య బిళ్ళా విడివిడిగా తయారైనా, రెండిటినీ కలిపి ఒకే దెబ్బలో కొడతారు. మధ్యలో ఉన్న బొమ్మ ఒక్కటే పక్కకి తిరిగిందంటే ఎవరో దాన్ని ఊడగొట్టి మళ్ళీ దూర్చారు. అతుకు చుట్టూ లెన్స్‌తో చూడండి, సుత్తి నొక్కులో గీతలో దొరుకుతాయి. రెండువైపులా బొమ్మే ఉన్న నాణెం అయితే మేజిక్ చేసేవాళ్ళ కోసం రెండు నాణేలు చెక్కి అతికించింది అయి ఉంటుంది, అంచు లోపలి వైపు సన్నటి అతుకు ఉంటుంది, రాయి మీద వేస్తే గణగణ మోగదు.

మా కింద ఫ్లాట్ అబ్బాయి ఎనిమిదో తరగతి. ఒకరోజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. "అంకుల్, ఇది లక్షలు పలుకుతుందట, వీడియోలో చూశాను" అని అరచేతిలో రూపాయి బిళ్ళ పెట్టాడు. పలచగా కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి, అక్షరాలు అలికేసినట్టు ఉంది. రైలు పట్టాల మీద పెట్టిన బిళ్ళ అది, నా చిన్నప్పుడు మేమూ పెట్టేవాళ్ళం, ఎంత ప్రమాదమో అప్పుడు తెలియదు. వాడితో కాటా దగ్గర కూర్చుని చెప్పాను. కాలర్ లేకుండా దెబ్బ పడితే కూడా బిళ్ళ వెడల్పవుతుంది, కానీ అందులో బొమ్మ స్పష్టంగా ఉంటుంది, ఎందుకంటే సాగడమూ బొమ్మ పడడమూ ఒకే దెబ్బకి జరిగాయి. నీ దాంట్లో బొమ్మ ముందు పడింది, తర్వాత సాగింది, అందుకే బొమ్మ కూడా సాగింది. వాడి మొహం చిన్నబోయింది. అయినా విన్నాడు.

ఆ వీడియోల మీద నాకు నిజంగా కోపం. వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ళకి లక్షలు, ఫలానా ఏడాది బిళ్ళకి లక్షలు అని చెప్పి, చివర్లో రిజిస్ట్రేషన్ ఫీజు అని డబ్బు లాగుతారు. తమ పేరు వాడుకుని ఇలా కమిషన్లు అడుగుతున్నారు, నమ్మవద్దని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఏడాది అంకె కింద నక్షత్రం ఉంటే అరుదు అని కూడా చెబుతున్నారు. ఆ నక్షత్రం హైదరాబాద్ మింట్ గుర్తు. సైఫాబాద్‌లో 1903 నుంచి నడిచి, 1997లో చర్లపల్లికి మారిన మన మింట్ గుర్తు అది, కోట్ల బిళ్ళల మీద ఉంటుంది. ముంబైది డైమండ్, నోయిడాది గుండ్రటి చుక్క, కోల్‌కతాకి గుర్తే లేదు. గుర్తు లేదని దాన్నీ ఎర్రర్, అంటే టంకశాల పొరపాటు, అని అమ్ముతున్నారు!

ఖర్చు లేకుండా ఇలాంటి నాణేల సేకరణ మొదలుపెట్టాలనుకునేవాళ్ళు డై రొటేషన్, అంటే అచ్చు తిరిగిపోయిన నాణేలు, వెతకండి. మన నాణేన్ని పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకి తిప్పితే రెండోవైపు కూడా నిటారుగానే ఉండాలి. ఒక అచ్చు దాని చోట్లోంచి తిరిగిపోతే బొమ్మ వాలుతుంది. ఒక వైపుని రుద్దో నొక్కో దీన్ని తయారు చేయలేరు, రెండు ముక్కలు అతికించాలి, అతికిస్తే అతుకు దొరుకుతుంది. ఎలా దొరికిన నాణెం అయినా తోమకండి, చింతపండు అసలే పెట్టకండి.

కింద ఫ్లాట్ అబ్బాయికి ఇప్పుడు పేజీ తిప్పడం అలవాటైపోయింది, కిరాణా కొట్టు చిల్లర అంతా ముందు వాడి చేతిలో తిరగాల్సిందే. పోయిన నెల రెండు రూపాయల బిళ్ళ ఒకటి తెచ్చాడు, 2011లో మొదలైన రకం. తిప్పి చూస్తే అంకె గడియారంలో రెండు గంటల వైపుకి వాలి ఉంది. లెన్స్‌తో అంచు మొత్తం వెతికాం, అతుకు లేదు. కాటా 4.85 చూపించింది, సరిగ్గా ఉండాల్సినంత. చిన్న కాగితం కవరులో వేసి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో వాడి చేతే మీద రాయించాను.