తెడ్డుకు చెప్పే మాట, పిల్లకు చెప్పే మాట

మా అమ్మాయి పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, పోయే దారి చూడకుండా తెడ్లు వేస్తుందంటే మా పుట్టింట్లో ఎవరూ నమ్మలేదు. "మరి ఎదురుగా పంటొస్తేనో?" అన్నారు పెదనాన్న. సఖినేటిపల్లికీ నరసాపురానికీ మధ్య వశిష్ఠ గోదావరిని దాటించే పంటును ఊహ తెలిసినప్పట్నుంచీ చూస్తున్న మనిషికి రావాల్సిన అనుమానమే. పిల్ల బాగానే జవాబు చెప్పింది. పడవ వెనక కొస మీదుగా దూరంగా ఏ చెట్టునో గుర్తు పెట్టుకుంటామనీ, అది పక్కకి జరిగితే పడవ వంకర పోయినట్టేననీ, మధ్యమధ్యలో భుజం మీంచి తల తిప్పి చూసుకుంటామనీ. పెదనాన్న కాసేపు ఆలోచించి, "మేం ముందు చెట్టు చూస్తాం, మీరు వెనక చెట్టు చూస్తారు. అంతేగా" అని తేల్చేశారు.

మేం ఉండేది బోస్టన్ దగ్గర. అక్కడ చార్లెస్ నది మీద 1965 నుంచీ అక్టోబరు నెలలో పెద్ద పడవ పందేలు జరుగుతున్నాయి. ఆ సందడి చూసే మా పిల్ల రోయింగ్‌లో చేరింది. తను చేసేది స్కల్లింగ్. మనిషికి రెండు తెడ్లు, చేతికొకటి. ఒక్కరే ఎక్కే పడవ ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవుంటుంది గానీ, పోటీ నిబంధనల ప్రకారం దాని కనీస బరువు 14 కిలోలే. మనం నెలకి తెచ్చుకునే బియ్యం బస్తా అంతకంటే బరువు. సీటు చక్రాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది, పాదాలు బూట్లతో సహా ఒక పలకకి బిగించి ఉంటాయి. తెడ్లు నీటి మీద ఆనించి ఉంచకపోతే ఆగి ఉన్న పడవ బోల్తా కొట్టడానికి క్షణం పట్టదు. తెడ్లు లాగేటప్పుడు చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటాలి, ఎడమది పైన. ఆ ఎత్తులో కాస్త తేడా వచ్చినా పడవ ఒక పక్కకి ఒరుగుతుంది.

తప్పు దాచుకోవడానికి వీల్లేని ఆట ఇది. కోచ్ చిన్న మోటారు పడవలో పక్కనే వస్తూ మెగాఫోన్‌లో చెబుతూ ఉంటుంది. ఆవిడ చెప్పే తీరు నాకు భలే నచ్చింది. రోజుకి ఒక్క విషయం, అంతే. పోయిన సీజనంతా మా పిల్లకి పట్టుకున్న జబ్బు క్యాచ్ దగ్గర, అంటే తెడ్డు నీట మునిగే క్షణం దగ్గర. తెడ్డు పూర్తిగా మునగకముందే కాళ్లతో తన్నేసేది. ఆ బలంలో కొంత గాలికే పోయేది. కోచ్ పక్కనుంచి వీడియో తీసి, స్లో మోషన్‌లో పెట్టి చూపించింది. సరిగ్గా సమయానికి మునిగితే తెడ్డు దగ్గర నీళ్లు చిన్న 'వి' ఆకారంలో రెండు వైపులా లేస్తాయి. మా అమ్మాయికి ఒక వైపే లేస్తున్నాయి. "చేతులు కొంచెం పైకి లేపు, తెడ్డు దిగుతుంది. దిగాకే కాళ్లు" అని చెప్పి ఊరుకుంది. బద్ధకమనలేదు, పక్కపిల్లతో పోల్చలేదు. గుడ్ జాబ్ అని కూడా అనలేదు, అది నాకు మరీ నచ్చింది. ఆ దేశంలో బడిపిల్లలు పెన్సిల్ చెక్కినా గుడ్ జాబే.

మర్నాడు మళ్లీ అదే పాఠం. సీటు పావు వంతే జరిగి తెడ్డు ముంచడం, తర్వాత సగం, తర్వాత పూర్తిగా. లాగడం అయ్యాక చేతులు ముందుకి చాపి, అక్కడ ఆగి, అప్పుడు కదలడం. తెడ్డును నీటి పైన పడుకోబెట్టకుండా నిలువుగానే ఉంచి వేయడం. ఒక్కో కసరత్తు ఒక్కో లోపాన్ని బయటికి లాగుతుంది. అన్నిటికంటే మొండిది ఇంకొకటుంది, తెడ్డు తీశాక తిరిగి ముందుకు జారేటప్పుడు తొందర. నిదానంగా వేసేటప్పుడు లాగడానికి పట్టే సమయానికి దాదాపు రెట్టింపు సమయం ఆ జారడానికి పట్టాలి. ఆత్రపడి జారితే మనిషి బరువే పడవ వేగాన్ని తినేస్తుంది. చిన్నప్పట్నుంచీ "తొందరగా కానివ్వు" అని విని పెరిగే మన ఇళ్లలోని పిల్లలకి ఇది ఒంటబట్టడం కష్టమే.

డిసెంబరులో అక్కడ నది గడ్డకట్టే రోజులు దగ్గరపడతాయి, పిల్లలందరూ హాల్లో రోయింగ్ మెషీన్లు లాగుతుంటారు. ఇక్కడ కోనసీమలో దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, నీళ్లు వదిలి, కాలువలు నిండుగా పారుతుంటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర చలవతో వచ్చిన నీళ్లు. సంక్రాంతి కూడా కలిసొచ్చేలా సెలవు పెట్టుకుని దిగాం.

దిగిన పూటే మొదలు. "నల్లబడిపోయిందేంటే పిల్ల?" "భుజాలు మగపిల్లాడికి మల్లే వచ్చేశాయి." "శుభ్రంగా చదువుకోక ఈ పడవలెందుకు?" మా అమ్మ పిల్ల అరచేతులు వెలుతురులో తిప్పితిప్పి చూసి, కాయలు కాసిన చోటల్లా కొబ్బరినూనె రాస్తూ, "రేపు పెళ్లిచూపుల్లో ఈ చేతులతోనే కాఫీ ఇస్తావా?" అంది. పిల్ల మొహం మాడిపోయింది. రాత్రి దోమతెర లోపల నాతో అంది: "కోచ్ నా తెడ్డు గురించి చెప్తుంది. వీళ్లు నా గురించి చెప్తున్నారు."

పెద్దవాళ్ల ప్రేమ అలాగే ఉంటుందమ్మా అని సర్దిచెప్పడం నాకు ఇష్టం లేదు. ప్రేమే, కాదనను. కొబ్బరినూనె రాసిన చెయ్యి ప్రేమదే. కానీ ఆ మాటలు పట్టుకుని పిల్ల రేపు పొద్దున్న చేయగలిగింది ఏముంది? భుజాలు కోసుకోలేదుగా. ప్రవాసంలో పెరిగే పిల్లలకి మాట పడే ఓపిక లేదని మనవాళ్లు అంటుంటారు. మా పిల్ల మంచులో, తెల్లారకట్ల, మెగాఫోన్‌లో అందరూ వింటుండగా మాట పడి వచ్చే పిల్ల. దానికి ఓపిక తక్కువేం కాదు. దిద్దుకోవడానికి వీలున్న మాటేదో, లేని మాటేదో దానికి తెలుసు.

మర్నాడు పెదనాన్న కూడా అవే అరచేతులు చూశారు. ఆయన ఒకప్పుడు లంక పొలానికి రోజూ పడవ మీద దాటిన మనిషి. "నడిమధ్యన పొక్కింది, వేళ్ల మొదట్లో సరిగా కాయ కట్టలేదు. పిడికిలి బిగిస్తున్నావమ్మడూ. భయమా?" అని నవ్వారు. "తెడ్డెక్కడికీ పారిపోదు. వేళ్లకి తగిలించుకో, చాలు." పిల్ల నోరు తెరుచుకుని చూసింది. పిడిని అరచేత్తో నొక్కకు, వేళ్లని కొక్కేల్లా వంచి పట్టుకో అని కోచ్ కూడా మొత్తుకుంటూనే ఉంది. పెదనాన్నదీ వేళాకోళమే, మా ఊరి వాళ్ల నోట అది లేకుండా మాట రాదు. కాకపోతే దాని లోపల పనికొచ్చే సంగతి ఉంది.

సాయంత్రం నాటుపడవలో ఎక్కించి చేతికి గెడ ఇచ్చారు. నిలబడి రెండు తోపులు తోసిందో లేదో పడవ గిర్రున తిరిగి గట్టుకి కొట్టుకుంది. గట్టు మీద పిల్లలు "అమెరికా సరంగు!" అని కేకలు. పెదనాన్న ఏకబిగిన అందుకున్నారు: గెడ నిలువుగా దించు, కాళ్లు ఎడంగా పెట్టు, నీళ్లకేసి చూడకు, నడుం వాల్చు, దిగబడితే వదిలెయ్యి గానీ పట్టుకుని వేలాడకు. పిల్ల గెడ ఆపేసి, "పెదతాతయ్యా, ఒక్కటే చెప్పండి. ఇవాళ్టికి ఒక్కటే" అంది. ఆయన్ని అలా అడిగిన వాళ్లు ఇంతవరకూ లేరేమో, గడ్డం గోక్కున్నారు. "ఒక్కటేనా? ఆయ్, సరే. గెడ నేలకి తగిలిందాకా తొయ్యకు. తగిలాక ఒళ్లు వాల్చు."

తగలకముందే తోస్తోంది. చార్లెస్ నదిలో ఉన్న జబ్బే ఇక్కడా. అది ముందు పసిగట్టింది కూడా పిల్లే, ఒక్కత్తే నవ్వుకుంటూ కనిపించింది. చీకటిపడే వేళకి పడవ తిన్నగా నడిచింది. మహా వేగంగా ఏం కాదు.

మన దేశంలో ఈ ఆట ఆడేవాళ్లున్నారా అని పెదనాన్న అడిగితే దత్తు భోకనాల్ సంగతి చెప్పింది. మహారాష్ట్రలో కరువు ప్రాంతంలో బావులు తవ్విన కుర్రాడు, సైన్యంలో చేరాక తెడ్డు పట్టి, 2016 రియో ఒలింపిక్స్ సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో నలుగురు కలిసి వేసే క్వాడ్రపుల్ స్కల్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. "నీళ్లు లేని ఊరివాడా?" అని పెదనాన్న వాకిట్లోంచి కాలువకేసి చూశారు. నాకూ అదే అనిపించింది. ఇన్ని పాయలు, ఇన్ని కాలువలు పెట్టుకుని మన పిల్లలకి ఈత కూడా నేర్పడం మానేశాం. ఈమధ్య సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పోటీలు పెడుతున్నారు, అది మంచిదే. అక్కడివి ముందుకి చూస్తూ వేసే పొడుగు పడవలు, తెడ్డు చేతిలోనే ఉంటుంది, పడవకి బిగించి ఉండదు. మా అన్నయ్య కొడుకులిద్దరూ ఈసారి పేరిస్తామని తెగ హుషారుగా ఉన్నారు.

ఒక్కటే చెప్పమనే మంత్రాన్ని పిల్ల వాళ్ల అమ్మమ్మ మీద కూడా ప్రయోగించింది. "అయితే ముందు ఆ జుట్టు దువ్వుకో" అంది మా అమ్మ, తడుముకోకుండా. సరే, అది చేయగలిగిన పనే కదా అని వెళ్లి దువ్వుకుంది.

మంచు కరిగి మళ్లీ నది మీదకి వెళ్లాక, ఒక వీడియో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పెదనాన్న దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది: "అమ్మడూ, ఎడం చేతి తెడ్డు కుడిదానికంటే లోతుగా పోతోంది, చూసుకో. ఒక్కటే చెప్పాను." చేతులు దాటుకునే చోట ఎడమది మరీ పైకి లేస్తే జరిగేది అదే. ఆయనకి ఆ సంగతి తెలియదు, నీళ్లు చూసి చెప్పారు. దాని కిందే మా అమ్మ మెసేజ్: "అంత ఎండలో టోపీ ఏదే?" పిల్ల రెండిటికీ బొటనవేలు బొమ్మే పెట్టింది.