అమ్మమ్మ కథలున్న డిస్కులు

పరాయి దేశంలో పెరిగే పిల్లలకు మనం తెలుగు వినిపిస్తాం కానీ అప్పగించం. వారాంతపు తరగతులకు పంపుతాం, పండగకు పట్టులంగా కుట్టిస్తాం. ఇంట్లో దాచుకున్న తెలుగును కాపాడే పని మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉండిపోతుంది. డల్లాస్‌లో మా ఇంటి సర్వర్, అంటే ఫైళ్లు దాచుకునే కంప్యూటర్, మొరాయించినప్పుడు నాకీ సంగతి బాగా తట్టింది.

అందులో నాలుగు డిస్కులను లినక్స్‌లోని ఎండీఆడమ్ అనే ప్రోగ్రాంతో రెయిడ్ 5గా, అంటే నాలుగూ ఒకే పెద్ద డిస్కులా పనిచేసేలా, కలిపి ఉంచాను. ఒక డిస్కు పోయినా సమాచారం దక్కుతుంది, రెండు పోతే దక్కదు. ఆ రోజు డిస్కుల స్థితి చూపే ఎండీస్టాట్ ఫైలులో రెండు డిస్కుల చోట ఖాళీ గీతలున్నాయి. మా అమ్మ పోయే ముందు నెలల్లో ఫోనులో పిల్లలకు చెప్పిన కథలు వాటిలోనే ఉన్నాయి. బయటి డిస్కులోకి అవి ఇంకా చేరలేదు. "ఊఁ కొట్టండర్రా, లేకపోతే చెప్పను" అని అమ్మ బెదిరించడం, మా అబ్బాయి ఆలస్యంగా ఊఁ కొట్టడం, వెనక కుక్కర్ కూత, అన్నీ ఆ రికార్డింగుల్లో వినిపిస్తాయి.

పద్నాలుగేళ్ల మా అమ్మాయి పక్కన కూర్చుంది. "అమ్మా, ఆ నాలుగింటినీ మళ్లీ కొత్తగా కలిపేస్తే పోదా?" అంది. వద్దన్నాను. అలా కొత్తగా కలిపే క్రియేట్ ఆదేశం డిస్కుల మీద కొత్త వివరాలు రాస్తుంది. డిస్కుల వరుస తప్పి, పునర్నిర్మాణం మొదలైతే పాత సమాచారం చెరిగిపోతుంది. చాలామంది డిస్కులు చెడి కాదు, ఈ తొందర వల్లే అన్నీ పోగొట్టుకుంటారు.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ నివేదికలో రెండు డిస్కులూ బాగానే ఉన్నాయి, చెడిన సెక్టార్లు (డిస్కులోని చిన్న చిన్న భాగాలు) లేవు. రెండూ ఒకేసారి తప్పుకున్నాయంటే వాటికి ఉమ్మడిగా ఉన్నదేమిటో చూడాలి. దాన్ని పట్టుకున్నది అమ్మాయే. రెండింటికీ కరెంటు ఒకే చీలిక వైరు నుంచి వస్తోంది, దాని కనెక్టర్ వదులైంది. వైరు మార్చాం. ఎగ్జామిన్ ఆదేశంతో ప్రతి డిస్కులోని ఈవెంట్ సంఖ్య, అంటే ఆ డిస్కు మార్పులను ఎంతవరకు అందుకుందో చెప్పే లెక్క, కాగితం మీద రాయించాను. తేడా అతి స్వల్పం. అప్పుడే ఫోర్స్‌తో అసెంబుల్ చేయమన్నాను, అంటే ఆ కొద్ది తేడాను పట్టించుకోకుండా పాత డిస్కులను ఉన్నవి ఉన్నట్టు కలపమన్నాను. డిస్కులు కలిశాయి. రాతకు వీలులేకుండా, చదవడానికి మాత్రమే తెరిచి ముందు కథలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాం. మిగతా మరమ్మతు ఆ తర్వాతే.

రెయిడ్ ఉన్నంత మాత్రాన బ్యాకప్ ఉన్నట్టు కాదు. అందుకే ఇప్పుడు కథల కాపీ ఒకటి గుంటూరులో మా తమ్ముడి ఇంట్లో ఉంది. దాని బాధ్యత అమ్మాయికి ఇచ్చేశాను. ఇంతకుముందు ఫోను చేతికిస్తే "బాగున్నారా మామయ్యా" అని నాకు తిరిగిచ్చేసేది. ఇప్పుడు నెలనెలా తనే ఫోను చేసి "మామయ్యా, ఆ పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోందా? ఇన్వర్టర్‌కు కలిపారా?" అని అడుగుతుంది. వాడు వెలగడం లేదంటే, ఏ వైరు తీసి ఎక్కడ పెట్టాలో పూర్తిగా తెలుగులోనే చెప్పాలి. ఎందుకంటే వాడు ఇంగ్లీషులో బదులివ్వడు.