విదేశీయులు చూస్తారని

టోక్యోలో విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు అనుమతి తీసుకుని వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు. ఆ అనుమతికి ఒక షరతు ఉంది. హోస్టెస్ బార్లు, పచింకో జూదశాలలు, పెద్దలకు మాత్రమే అని బోర్డు పెట్టుకునే వ్యాపారాలు, అన్నిటికీ కలిపి 1948 నాటి చట్టం ఒకటుంది. దాని కిందికి వచ్చే ఏ చోటా కాలు పెట్టి పని చేయకూడదు. కొత్తలో మా సీనియర్ ఒకాయన గది తాళం చేతికిస్తూ హెచ్చరించాడు.

"తమ్ముడూ, జీతం ఎక్కువిస్తామంటే ఆశపడకు. అక్కడ గిన్నెలు కడిగినా, వీధిలో నిలబడి టిష్యూ పొట్లాలు పంచినా వీసాకే ముప్పు."

"టిష్యూలు పంచితే తప్పేమిటన్నా?"

"వాటి మీద ఏ కొట్టు ప్రకటన ఉందో నీకు చదవడం రావాలి కదా. వచ్చేదాకా పంచకు."

అందుకని కాంబినీలో చేరాను. రాత్రీ పగలూ తెరిచి ఉండే చిన్న దుకాణాలను అక్కడ అలా అంటారు. చట్టం దృష్టిలో మచ్చ లేని ఉద్యోగం. రాత్రి షిఫ్టులో నా పనుల్లో ఒకటి పత్రికల అర సర్దడం. ఆ అర వీధివైపు అద్దానికి ఆనుకుని ఉండేది. వంటల పత్రికలు, పిల్లల కామిక్స్, రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లు కొనే పత్రికలు, అదే వరసలో మరుగుదొడ్డి దగ్గరికి వచ్చేసరికి పెద్దల పత్రికలు. ఎవరూ అక్కడే విప్పి చూడకుండా అంచుకు రెండు స్టిక్కర్లు అంటించి ఉండేవి. కట్టుదిట్టం అంతా అంతే.

కొనేవాళ్లు కుర్రవాళ్లు కారు, ఎక్కువగా తాతలు. ఫోనులో వెతుక్కోవడం అలవాటు లేనివాళ్లు. పత్రిక పక్కన ఒక అన్నం ముద్ద, ఒక టీ సీసా పెట్టి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, తల వంచి వెళ్లేవాళ్లు. వాళ్లకు లేని ఇబ్బంది నాకు ఉండేది. అదే దుకాణంలో ఎవరైనా శానిటరీ నాప్కిన్లు కొంటే మాత్రం ముందు కాగితం సంచిలో పెట్టి, తర్వాతే మామూలు సంచిలో వేయాలని నేర్పారు. ఏది దాచాలో ఏది దాచనక్కరలేదో అందరికీ పుట్టుకతోనే తెలుస్తుందని అప్పటిదాకా నా నమ్మకం.

2019 జనవరిలో సెవెన్ ఎలెవెన్, లాసన్ వంటి పెద్ద సంస్థలు ఆగస్టు చివరికల్లా ఈ పత్రికలను ఆపేస్తామని ప్రకటించాయి. మినీస్టాప్ అంతకు ముందు ఏడాదే ఆపేసింది. ఆడవాళ్లూ పిల్లలూ వచ్చే దుకాణాలన్నది ఒక కారణం. సెప్టెంబరులో రగ్బీ ప్రపంచ కప్, మరుసటి ఏడాదికి అనుకున్న ఒలింపిక్స్, వాటికి వచ్చే విదేశీయులు ఇంకో కారణం. మా మేనేజరు కూడా అదే మాట అన్నాడు: "విదేశీయులు చూస్తే బాగుండదు."

అంతకాలం ఆ అర సర్దింది నేను, ఒక నేపాలీ, ఒక ఇండోనేషియా అబ్బాయి, ఒక చైనా అమ్మాయి. ఆయన దురుసు మనిషి కాదు, మమ్మల్ని బాగా చూసుకునేవాడు. కానీ ఆయన మాటలోని విదేశీయులు వేరు. వాళ్లు డబ్బు ఖర్చు పెట్టడానికి వచ్చేవాళ్లు. సంపాదించుకోవడానికి వచ్చినవాళ్లం ఏం చూస్తే ఎవరికి కావాలి?

ఆ పత్రికలు కట్టలు కట్టిన రాత్రి ఇండోనేషియా అబ్బాయి తన దేశం సంగతి చెప్పాడు. 2006లో అక్కడ ప్లేబాయ్ అనే అమెరికా పెద్దల పత్రిక వచ్చింది, ఒక్క నగ్న చిత్రం కూడా లేకుండా. అయినా జకార్తా కార్యాలయం మీద రాళ్లు పడ్డాయి. పత్రిక బాలికి మకాం మార్చింది. సంపాదకుడు 2010లో జైలుకు వెళ్లి, మరుసటి ఏడాది నిర్దోషిగా బయటికి వచ్చాడు. లోపల ఏముందో చూసినవాళ్లెందరో గానీ, పేరు చాలింది. చైనా అమ్మాయి ఇదంతా నోరు తెరుచుకుని వింది. ఆమె చేతి సంచి మీద ఉన్నది ఆ పత్రిక గుర్తయిన కుందేలు బొమ్మే. వాళ్ల దేశంలో ఆ పత్రిక అమ్మరు, కుందేలు ముద్రతో చొక్కాలు, సంచులు మాత్రం బజార్ల నిండా దొరుకుతాయి. ఆమెకు అది బట్టల కంపెనీ, అంతే.

తర్వాత ఆఫీసు ఉద్యోగంలో చేరాక ఒక జర్మన్ సహోద్యోగి బేయాటే ఊజె కథ చెప్పాడు. యుద్ధకాలంలో విమానాలు నడిపిన ఆమె, యుద్ధం ముగిశాక ఆడవాళ్లకు గర్భం రాని రోజులు లెక్కపెట్టుకోవడం నేర్పే చిన్న పుస్తకం అమ్ముకుని బతికింది. 1962లో ఫ్లెన్స్‌బుర్గ్‌లో కొట్టు తెరిచినప్పుడు దాన్ని దంపతుల ఆరోగ్యం కోసం పెట్టిన దుకాణంగానే నడిపింది. లోకంలో మొదటి సెక్స్ షాపు అదేనంటారు. 1999కల్లా ఆ కంపెనీ షేర్లు ఫ్రాంక్‌ఫర్ట్ మార్కెట్‌లోకి వెళ్లాయి. మందుల షాపు మర్యాదతో మొదలైతే అంత దూరం పోవచ్చన్నమాట.

జపాన్‌కు హద్దులే లేవని బయటివాళ్లు అనుకుంటారు. అక్కడి పెద్దల సినిమాల్లో మాత్రం కొన్ని భాగాలు మసకగానే ఉంటాయి. అశ్లీలాన్ని నిషేధించే, 1907లో చేసిన శిక్షాస్మృతి 175వ అధికరణ ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ సినిమాల్లో నటించేవాళ్లను కాపాడే ప్రత్యేక చట్టం వచ్చింది 2022లో: ఒప్పందమయ్యాక నెల దాకా చిత్రీకరణ కూడదు, చిత్రీకరణయ్యాక నాలుగు నెలల దాకా విడుదల కూడదు. చూసేవాళ్ల నీతి గురించి బెంగ పడ్డ 115 ఏళ్లకు కనిపించేవాళ్లు గుర్తొచ్చారు. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే.

2025లో మా బావ ఆఫీసు పని మీద టోక్యో వచ్చాడు. "కబుకిచో చూడాలి, మీ అక్కకు చెప్పకు" అన్నాడు. టోక్యోలో రాత్రి వినోదాలకు పేరుపడ్డ పేట అది. తీసుకెళ్లాను. పిల్లి చెవుల బొమ్మలున్న బోర్డు చూసి పిల్లల బొమ్మల కొట్టనుకున్నాడు. మేడంత ఎత్తు హోర్డింగుల మీద జుట్టు మెరిసే యువకుల ముఖాలు చూసి ఆగిపోయాడు.

"వీళ్లు ఏ సినిమా వాళ్లు?"

"హోస్టులు బావా. ఆడవాళ్ల పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ మందు పోస్తారు. బిల్లు ఆడవాళ్లే కట్టాలి."

"మరి పేర్ల కింద ఆ నల్ల టేపు ఏమిటి? ఆదాయపన్ను దాడులా?"

మనిషికి తోచిన కారణం మరీ దూరం కాదు. ఆ టేపు కింద ఉన్నవి ఏడాది అమ్మకాల గొప్పలు, పది కోట్ల యెన్ దాటాడనీ నంబర్ వన్ అనీ. ఆడవాళ్లను ఈ కొట్లు అప్పుల్లోకి దించుతున్నాయని ఆ జూన్‌లో చట్టం బిగించారు. పోటీని రెచ్చగొట్టే రాతలు ప్రకటనల్లో ఉండకూడదని పోలీసులు చెప్పారు. కొట్లవాళ్లు రాతలకు టేపు వేసి, ముఖాలను అలాగే వదిలేశారు.

బావ ఆ ముఖాల ముందు నిలబడి ఫొటో దిగి, ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కాసేపటికి మా అమ్మ అడిగింది: "అల్లుడుగారూ, వెనక ఆ అబ్బాయి ఎవరు? చక్కగా ఉన్నాడు."

"ఇక్కడ పేరున్న నటుడు అత్తయ్యా" అని రాశాడు బావ.