రాయి లేని నేల

మాది దివిసీమ. చిన్నప్పుడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో గులకరాయి కనిపిస్తే తీసి జేబులో వేసుకునేవాళ్లం. అక్కడ ఎంత తవ్వినా నల్లరేగడి, దాని కింద ఇసుక, ఇంకా కిందికి వెళ్తే ఉప్పునీళ్లు. అంతా కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రే. నాగాయలంక దాటి సొర్లగొంది వైపు వెళ్తే నది ఆ పని ఇంకా చేస్తూనే కనిపిస్తుంది. మడచెట్ల వేళ్ల మధ్య బురద పేరుకుంటూ ఉంటుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది.

అలాంటి ఊళ్లో అమ్మమ్మ వాళ్ల బావి దగ్గర బట్టలుతికే బండ ఒకటి ఉండేది. తెల్లటి రాయి, తడిస్తే కాస్త ఆకుపచ్చ ఛాయ కనిపించేది. ఒక వేసవి సెలవుల్లో దాని కింద తేలు దూరిందని పెద్ద మావయ్య గడ్డపలుగుతో బండను ఒరగదీశాడు. అడుగున సగం తామరపువ్వు! రేకుల సందుల్లో మట్టి గట్టిగా పట్టేసి ఉంది. పుల్లతో గీకుతూ ఏడు రేకులు లెక్కపెట్టాను, ఎనిమిదోది విరిగిపోయింది. "ఏదో దిబ్బ మీద రాయిరా, మా మావగారు బండి మీద వేయించుకొచ్చారట" అంది అమ్మమ్మ.

రాయి పుట్టని నేలలోకి ఆ రాయి ఎలా వచ్చిందన్నది నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. జవాబు కృష్ణా జిల్లాలోని ఘంటసాల అనే ఊళ్లో దొరికింది. ఇవాళ ఆ ఊరి నుంచి సముద్రం ఇరవై కిలోమీటర్ల పైనే. కానీ 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన భూగోళ గ్రంథంలో కంటకొస్సిల అనే రేవు ఉంది, పండితులు దాన్ని ఘంటసాలగానే గుర్తించారు. అక్కడ దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. మహానావికుడంటే ఓడల పెద్ద. ఇప్పుడు చుట్టూ వరిచేలున్న ఊళ్లో ఆ మాట చదువుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అక్కడి మహాచైత్యానికి, అంటే పెద్ద బౌద్ధ స్తూపానికి, వాడింది పల్నాటి సున్నపురాయి. ఎగువ నుంచి ఏటి దారిన దిగివచ్చిన రాయి అన్నమాట. మా బండ కూడా ఆ జాతిదే.

ఈ నేలలో ఎవరికి రాయి కావాలన్నా పాత దిబ్బలే, అంటే మట్టి కప్పేసిన స్తూపాలే దిక్కు. చెయ్యి పెట్టింది మా ముత్తాత ఒక్కడే కాదు. ఈ బాధ బాగా తెలిసింది భట్టిప్రోలులో. పులిగడ్డ వంతెన దాటి రేపల్లె మీదుగా వెళ్లాను. అక్కడి స్తూపాన్ని జనం లంజ దిబ్బ అనేవాళ్లు. బుద్ధుడిదని నమ్మే ఎముకను దాచుకున్న చోటికి ఆ పేరు ఎలా వచ్చిందో గానీ, నా నోటికి రాదు. 19వ శతాబ్దంలో కృష్ణా కాలవలు తవ్వే రోజుల్లో ఆ స్తూపం ఇటుకలు రోడ్లకు, చలువరాళ్లు వెల్లటూరు దగ్గర తూము కట్టడానికి వెళ్లిపోయాయి. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వింది ఆ దోపిడీ తర్వాత మిగిలిన భాగాన్నే. అందులోనే మూడు రాతి ధాతుపేటికలు, అంటే అవశేషాలు దాచిన పెట్టెలు, బయటపడ్డాయి. వాటి మీది బ్రాహ్మి అక్షరాల్లో కుబేరకుడనే రాజు పేరుంది, నిగమ, అంటే ఊరి సంఘం, సభ్యుల పేర్లూ ఉన్నాయి: జేతో, జంభో, తిసో, రేతో... రాజు కన్నా నాకు వీళ్లే దగ్గరగా అనిపించారు. చందా వేసుకుని పేర్లు చెక్కించుకున్న ఊరి జనంలా ఉన్నారు.

తూము సంగతి తెలిసి మొదట నాకు పట్టరాని కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాకే కదా మా తాతల చేలకు కాలవ నీళ్లు అందింది. నేను తిన్న అన్నం ఆ నీళ్లదే. అయినా ఒక్కమాట: రాళ్లు తీసేముందు వాటి బొమ్మ గీసి ఉంటే, ఏ రాయి ఎక్కడుండేదో రాసి ఉంటే, తూమూ ఉండేది, ఆనవాలూ మిగిలేది. ఘంటసాల శిల్పాల్లో కొన్ని పారిస్‌లోని గిమె మ్యూజియంలో ఉన్నాయి. అవి చూడాలంటే నాకు వీసా కావాలి.

మా బండ విషయంలో నేను చేసిందీ అంతే. ఒక్క ఫొటో తీయలేదు. అమ్మమ్మ పోయాక పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారు, బావి పూడ్చేశారు. నేను వెళ్లేసరికి బండ లేదు. గొంతు పట్టేసి, కాసేపు ఎవరినీ అడగలేకపోయాను.

పెద్ద మావయ్యే పిలిచి పెరటి గుమ్మం దగ్గర మెట్టు చూపించాడు. సిమెంటు మధ్య తెల్లగా, ఒక మూల విరిగి, అదే. మేస్త్రీ పగలగొట్టి కంకరలో కలిపేస్తానంటే తనే అడ్డుపడ్డాడట.

"పువ్వును కిందివైపే ఉంచమన్నాన్రా, అరిగిపోకుండా" అన్నాడు.