పాత సైకిలుకి హబ్ మోటారు పెట్టే ముందు ఫోర్కు చూడండి

మాది పర్లాకిమిడి. నాన్న సైకిలు ముందు చక్రానికి హబ్ మోటారు కిట్టు, అంటే చక్రం మధ్యలోనే కూర్చుని దాన్ని తిప్పే కరెంటు మోటారు, బిగించామని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడా, ఏటవతల పాతపట్నంలోనూ అందరూ అడిగేది ఒకటే, ఎంత స్పీడు పోతుందని. లైసెన్సు, రిజిస్ట్రేషన్ గొడవ వద్దనుకుంటే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండాలి, అందుకే మేం చిన్న కిట్టే ఎంచుకున్నాం. స్పీడు సంగతి అంతే.

అసలు చూడాల్సింది ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకుని ఉండే కాళ్లు. మోటారు చక్రాన్ని ముందుకి ఎంత బలంగా తిప్పుతుందో, తన ఇరుసుని అంత బలంగానూ వెనక్కి తిప్పబోతుంది. దాన్ని ఆపేది ఫోర్కు చివర ఉండే ఆ చిన్న గాడే. మా పంక్చర్ షాపు అన్న "నట్టు గట్టిగా బిగిస్తే చాలదా తమ్ముడూ" అన్నాడు. చాలదు. గతుకుల రోడ్డు మీద నట్టు వదులైతే ఇరుసు గాడిలో తిరిగిపోతుంది, వైరు మెలిపడి తెగుతుంది, చివరికి చక్రమే ఊడొచ్చి మనిషి ముందుకి పడతాడు. టార్క్ ఆర్మ్ అని ఒక ఉక్కు పట్టీ వస్తుంది, ఒక కొస ఇరుసుకి, రెండో కొస ఫోర్కుకి. కిట్టులో లేకపోతే విడిగా కొనండి, దాని దగ్గర మాత్రం డబ్బులు చూసుకోవద్దు. గాడి ఇరుకుగా ఉంటే ఆకురాయితో కొద్దికొద్దిగా రుద్దండి, ఇరుసు బిగువుగా కూర్చోవాలి. ఉక్కు ఫోర్కైతే మంచిది. అల్యూమినియంది, షాకులు ఉన్నది అయితే ముందు చక్రానికి మోటారు వద్దు, ఆ గాడి పగిలే ప్రమాదం ఉంది.

బ్రేకు పట్టగానే మోటారు ఆగిపోయే లివర్లు తప్పకుండా పెట్టించండి. రాడ్ బ్రేకుల సైకిలైతే కిట్టుతో వచ్చే రిమ్ముకి ఆ బ్రేకులు చాలాసార్లు సరిపోవు, కొనేముందే అడగండి.

బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లది. అంటే 360 వాట్ అవర్లు, నిండా ఎక్కించినా కరెంటు అర యూనిట్ లోపే. మహేంద్రగిరి వైపు ఎత్తులొస్తే నాన్న కూడా పెడల్ తొక్కుతారు, నెమ్మదిగా ఎక్కేటప్పుడే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కేది. మోకాళ్ల నొప్పితో సైకిలు మూలన పెట్టేసిన మనిషి మళ్లీ సంతకి తనంతట తానే వెళ్తున్నారు, నాకు అదే చాలా సంతోషం.

వానాకాలానికి ఒక మాట. ఇరుసులోంచి వచ్చే వైరుని నేరుగా పైకి లాగొద్దు, కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి, వైరు మీద జారే నీళ్లు మోటారులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కారిపోతాయి.