తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది

లండన్‌లో హైగేట్ కొండకు దిగువన ఉన్న ఒక ఆసుపత్రిలో నేను ఆరేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. సికింద్రాబాద్‌లో చదువు, రెండేళ్ళ ఉద్యోగం, ఇంగ్లీషు పరీక్ష, అక్కడికి వెళ్ళాక మళ్ళీ ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష, ఇవన్నీ దాటి వార్డులో అడుగుపెట్టేసరికి నవంబరు వచ్చేసింది. రాత్రి ఏడున్నరకు ఎక్కిన డ్యూటీ ఉదయం ఎనిమిదికి దిగేది. వెళ్ళేటప్పుడు చీకటి, వచ్చేటప్పుడు మసక వెలుతురు. నాతో మాట్లాడేవాళ్ళంతా రోగులు, లేదంటే రోగుల గురించి మాట్లాడేవాళ్ళు. వంటగదిని మరో నలుగురితో పంచుకునే అద్దె ఇంట్లో పడుకోవడం, లేచి మళ్ళీ డ్యూటీకి పోవడం, ఆ చలికాలమంతా ఇంతే.

ఒక ఉదయం ఇక నిద్ర పట్టదని అర్థమై, గదికి వెళ్ళకుండా కొండ పైకి నడిచాను. వాటర్‌లో పార్కు అంచున తెల్లటి గోడలతో పొడవుగా ఒక పాత ఇల్లు ఉంది. తలుపు తీసే ఉంది. గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దావిడను టికెట్టు ఎంత అని అడిగితే, బొమ్మలు చూడటానికి డబ్బు ఎందుకన్నట్టు నవ్వి లోపలికి చెయ్యి చూపించింది. గోడలకు ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళు వేసిన నీటిరంగుల చిత్రాలు తగిలించి ఉన్నాయి. ఒక కప్పు టీ కొనుక్కుని కిటికీ పక్కన గంటసేపు కూర్చున్నాను. ఆ గంటలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. ఊరు విడిచి వచ్చాక నాకు దొరికిన మొదటి మర్యాద అది.

ఆ ఇంటి పేరు లాడర్‌డేల్ హౌస్. 1582లో, అంటే మన చార్మినార్ లేవడానికి తొమ్మిదేళ్ళ ముందు, సర్ రిచర్డ్ మార్టిన్ అనే టంకశాల అధికారి కోసం కర్ర చట్రంతో కట్టిన ఇల్లది. రాజుల కాలపు కథలు దాని గురించి చాలా చెబుతారు కానీ నన్ను పట్టుకున్నవి అవి కావు. 1872లో ఆ ఇంటి యజమాని సర్ సిడ్నీ వాటర్‌లో దాన్ని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రికి, పేద రోగులు కోలుకునే వరకు ఉండే విశ్రాంతి గృహంగా వాడుకోమని ఇచ్చాడు. అక్కడ సేవ చేయడానికి నర్సులను పంపింది ఫ్లోరెన్స్ నైటింగేల్. ఈ సంగతి తెలిసిన రోజున, ఏ కిటికీ పక్కన నేను టీ తాగుతున్నానో ఆ గదుల్లోనే నాలాంటి ఆడవాళ్ళు రాత్రంతా మేలుకుని ఉండేవారని తలచుకుని కాసేపు కదలలేకపోయాను. 1889లో ఆయన ఆ ఇంటిని తోటతో సహా లండన్ కౌంటీ కౌన్సిల్‌కు ఇచ్చేశాడు, తోట లేనివాళ్ళకు తోటగా ఉండాలని. పార్కులో ఆయన విగ్రహం ఉంది. కత్తీ లేదు, గుర్రమూ లేదు. ఒక చేతిలో గొడుగు, మరో చేతిలో తాళంచెవి. మా నానమ్మ నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది కనుక ఆ విగ్రహాన్ని దాటి వెళ్ళిన ప్రతిసారీ నాకు ఆవిడే గుర్తొచ్చేది.

ఇచ్చినంత మాత్రాన ఇల్లు నిలబడదు. 1963లో మరమ్మతులు జరుగుతుండగానే మంటలు లేచి పైకప్పు చాలావరకు కాలిపోయింది, ఆ తర్వాత పదిహేనేళ్ళు దాన్ని వాడినవాళ్ళు లేరు. 1978లో స్థానికులు ఒక సొసైటీగా ఏర్పడి కళాకేంద్రంగా మళ్ళీ తలుపులు తెరిచారు. ఇప్పుడు అక్కడ చిత్రప్రదర్శనలు, కచేరీలు, పిల్లల నాటకాలు, బొమ్మలు వేయడం నేర్పే తరగతులు నడుస్తాయి. పెళ్ళిళ్ళకు కూడా హాలు అద్దెకిస్తారు. పెళ్ళిళ్ళకు ఇవ్వడం ఆ ఇంటికి చిన్నతనమేమీ కాదని నా అభిప్రాయం. వంటా పెళ్ళీ పాటా లేని ఇంటిని ఇల్లని ఎలా అంటాం?

రెండో ఏడు నేను అక్కడ బొగ్గుతో బొమ్మలు వేసే తరగతిలో చేరాను. రాత్రంతా సెలైన్ సూదులు గుచ్చిన చేతులకు ఆ బొగ్గుముక్క మరీ తేలికగా అనిపించేది, మొదట్లో నొక్కి పట్టుకుని చాలా విరిచేశాను. ఒకరోజు టీచరు, మీరు పెరిగిన ఇంటిని గుర్తున్నంత మేరకు గీయండి అన్నారు. నేను వెస్ట్ మారేడ్‌పల్లిలో మా ఇంటిని గీశాను. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన తాతయ్య కట్టుకున్న ఇల్లది: మంగళూరు పెంకుల కప్పు, ముందు రెండు అరుగులు, మధ్య గదిలో ఎత్తుగా దూలం. టీచరు చూసి, ఈ మధ్య గదికి కిటికీ లేదు కదా, వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది అని అడిగారు. ఆ గదిలో ఇరవై రెండేళ్ళు చదువుకున్నాను, నిద్రపోయాను, అయినా జవాబు తోచలేదు.

ఆ రాత్రి అమ్మకు వీడియో కాల్ చేశాను. హైదరాబాద్‌లో తెల్లవారి ఏడు దాటింది. అమ్మ ఫోను పట్టుకుని మధ్య గదిలోకి నడిచి కెమెరాను పైకి తిప్పింది. పెంకుల వరుసలో ఒకే ఒక్క గాజు పెంకు. దాని మీద పావురం రెట్ట ఎండి తెల్లగా అంటుకుని ఉంది, ఒక మూల వేపాకు ఇరుక్కుంది, మిగిలినంత మేర నుంచి ఎండ పలకలా దిగి సరిగ్గా బియ్యం డబ్బా మూత మీద పడుతోంది. "నీ చదువంతా దీని కిందే కదే, ఎండ జరిగినకొద్దీ చాపను జరుపుకుంటూ కూర్చునేదానివి" అంది అమ్మ. ఆ గాజు పెంకును గీయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

బొమ్మ పూర్తయిన కొన్నాళ్ళకే అన్నయ్య ఫోను చేశాడు. ఇల్లు డెవలప్‌మెంట్‌కు ఇద్దాం, బిల్డరు మాట్లాడుతున్నాడు, నువ్వు పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే చాలు అన్నాడు. అన్నయ్యను తప్పు పట్టలేను. వానాకాలంలో నాలుగు చోట్ల గిన్నెలు పెట్టేది, పైకెక్కి పెంకులు సర్దించేది, ఆస్తిపన్ను కట్టేది, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళేది అన్నయ్యే. నేను దూరంగా కూర్చుని బొమ్మ గీసుకున్నాను. దూరాన ఉన్నవాళ్ళ ప్రేమకు పెంకులు మార్చే బలం ఉండదని తెలిసే, కాగితం పంపకుండా సెలవు పెట్టి నేనే వచ్చాను.

వచ్చిన వారానికి అన్నయ్యను నాంపల్లిలోని గోల్డెన్ థ్రెషోల్డ్‌కు తీసుకెళ్ళాను. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ ఇల్లది. ఆయన కూతురు సరోజినీ నాయుడు. పదహారేళ్ళ వయసులో, 1895లో, ఆవిడ నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో చదువుకోవడానికి లండన్ వెళ్ళింది. ఆవిడ పెళ్ళాడిన గోవిందరాజులు నాయుడు డాక్టరు. 1905లో లండన్‌లోనే అచ్చయిన ఆవిడ తొలి కవితల పుస్తకం పేరే ఈ ఇంటికి వచ్చింది. తెలుగులో బంగారు గడప అనుకోవచ్చు. తర్వాత ఆ ఇల్లు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చేరింది. 1974లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయం తొలి రోజుల్లో నడిచింది ఇక్కడే, ఆ తర్వాత చాలాకాలం కళల విభాగాలూ ఇక్కడే ఉన్నాయి. అన్నయ్య అంతా విని, "వాళ్ళంటే పెద్దవాళ్ళు, మన తాతయ్య ఫిట్టరు" అన్నాడు.

అందుకని సాయంత్రం బంజారాహిల్స్‌లోని లామకాన్‌కు వెళ్ళాం. డాక్యుమెంటరీ చిత్రాలు తీసిన మొయీద్ హసన్ ఇంటిని ఆయన తర్వాత కుటుంబం వాళ్ళు 2010లో అందరికీ తెరిచారు. ఆవరణలో పెద్ద బండరాయి, దాని పక్కన బల్లలు, చాయ్, సమోసా. ఒక మూల నలుగురు కుర్రాళ్ళు తెలుగు నాటకం రిహార్సలు చేసుకుంటున్నారు, ఒకమ్మాయి ఒంటరిగా కూర్చుని ఏదో రాసుకుంటోంది. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగడం లేదు. నేను అన్నయ్యకు లాడర్‌డేల్ హౌస్ సంగతి అప్పుడు చెప్పాను, కాలిపోయిన కప్పుతో సహా. మన ముందు గదీ అరుగులూ సాయంత్రాలు వీధి పిల్లలకు బొమ్మలకూ పాటకూ ఇద్దామని, కప్పుకయ్యే డబ్బు నేను పంపిస్తానని అన్నాను. అన్నయ్య చాలాసేపు మాట్లాడలేదు. చాయ్ తెచ్చిన అబ్బాయిని మాత్రం ఒక మాట అడిగాడు: "రాత్రి తాళం ఎవరు వేస్తారు బాబూ?"

ఆ ప్రశ్నకు కోపం రాలేదు నాకు. ఆరేళ్ళలో ఆ ఇంటి గురించి నన్ను ఎవరూ అడగని సరైన ప్రశ్న అది. తాళం వేసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, కరెంటు బిల్లు కట్టేవాళ్ళు ఎవరో తేలకుండా తలుపు తెరవలేం. ఇంటికి వచ్చి ముగ్గురం కాగితం మీద లెక్క వేసుకున్నాం. వారానికి రెండు సాయంత్రాలు తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంటానని అమ్మ అంది. మిగతాది తేలలేదు. బిల్డరుకు మాత్రం సంక్రాంతి దాకా ఆగమని చెప్పాం.

తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో విమానం ఎక్కబోతుండగా అన్నయ్య మెసేజ్ వచ్చింది. నిచ్చెన వేసుకుని పైకెక్కాడట. "పగిలిన పెంకులు అరవై రెండు. పాత పెంకులు మౌలాలి వైపు దొరుకుతాయంటున్నారు, ఆదివారం వెళ్తున్నా."